కాలు కింద పెట్టకుండా యూ టర్న్: స్నేహితుడికి నెమ్మది బండి నేర్పడం ఎలా

మీ ప్రశ్న ఇదీ: స్నేహితుడికి గేర్లు వచ్చాయి, నేరుగా ఉన్న రోడ్డు మీద 40, 50 వేగంలో బాగానే నడుపుతాడు. వేగం తగ్గితే మాత్రం రెండు కాళ్లూ నేల మీద ఈడుస్తాడు. యూ టర్న్ వస్తే దిగి తోసుకుంటాడు, లేదా సగంలో బండి పడేస్తాడు. ఎలా నేర్పాలి?

అతనికి బ్యాలెన్స్ లేదని తీర్మానించకండి. వేగంలో బండిని నిలబెట్టేది చాలావరకు బండే. నెమ్మదిగా ఉన్నప్పుడు ఆ పని మనిషి మీద పడుతుంది, అందులో పెద్ద వాటా ఎడమ చేతిది. ఇలాంటివాళ్లకు క్లచ్ అంటే ఒక స్విచ్. నొక్కితే ఆఫ్, వదిలితే ఆన్. ఆ రెంటి మధ్య ఒక చిన్న జాగా ఉందనీ, నడక వేగంలో బండి మొత్తం ఆ జాగాలోనే నడవాలనీ వాళ్లకెవరూ చెప్పి ఉండరు. అందుకే భయం వేయగానే చెయ్యి క్లచ్‌ను పూర్తిగా బిగిస్తుంది. బండి లోపలికి కూలిపోయేది సరిగ్గా అప్పుడే.

ఎందుకో లెక్క వేసి చూడండి. 7 మీటర్ల వెడల్పులో, అంటే 3.5 మీటర్ల వ్యాసార్థంతో, గంటకు 8 కిలోమీటర్ల వేగంలో తిరిగే బండి సుమారు 8 డిగ్రీలు లోపలికి వాలి ఉంటుంది. ఆ వేగం ఆ వాలుని మోస్తుంది. వేగం 6కి పడిపోతే అది మోయగలిగేది నాలుగున్నర డిగ్రీలే. మిగతా మూడున్నర డిగ్రీలకు కింద ఏ ఆధారమూ లేదు, బండి పడటం మొదలైనట్టే. అదే వేగం 10కి పెరిగితే 12, 13 డిగ్రీల వాలుని మోస్తుంది, కాబట్టి 8 డిగ్రీల్లో ఉన్న బండి దానంతట అదే లేచి నిలబడుతుంది. క్లచ్ బిగించినా, యాక్సిలరేటర్ మూసేసినా, ముందు బ్రేక్ పట్టినా జరిగేది మొదటి సంగతే. తిరిగేటప్పుడు బండి పడిపోతోందనిపిస్తే క్లచ్‌ని ఒక వెంట్రుకవాసి వదలాలి, బిగించకూడదు. భయపడిన చేతికి ఇది పూర్తిగా తలకిందుల సలహా. మీరు నేర్పబోయేదంతా ఈ ఒక్క అలవాటును చేతికి ఎక్కించడమే. మాటతో ఎక్కదు, వరసగా కొన్ని సాధనలు చేయించాలి.

దానికంటే ముందు మాటల పంచాయతీ ఒకటి తేల్చుకోండి. ‘క్లచ్ పట్టు’ అంటే మీ ఉద్దేశం లీవర్ నొక్కమని. అతనికి అది ‘క్లచ్ పట్టేదాకా వదులు’ అని వినిపించవచ్చు. కదిలే బండి మీద ఈ గందరగోళం ఖరీదైనది. మూడే మాటలు పెట్టుకోండి: ‘నొక్కు’, ‘వదులు’, ‘అక్కడే’. మూడోది అన్నిటికన్నా ముఖ్యం, లీవర్ ఎక్కడుందో అక్కడే ఉంచమని దాని అర్థం. ఇంజిన్ లాగడం మొదలుపెట్టే ఆ జాగాని హాఫ్ క్లచ్ అంటారు కాబట్టి ఇక్కడా అలాగే అంటాను.

బండి సరిగా లేకపోతే మనిషి తప్పు ఏదో, బండి తప్పు ఏదో తెలియదు. పావుగంట దీనికి ఇవ్వండి. క్లచ్ లీవర్ చివర ఆట, అంటే పని మొదలయ్యే ముందు ఉండే ఖాళీ కదలిక, చాలా బండ్లకు 10 నుంచి 15 మిల్లీమీటర్లు ఉండాలి. మీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. ఆట మరీ ఎక్కువైతే పూర్తిగా నొక్కినా క్లచ్ విడిపోదు, న్యూట్రల్ పడదు. అసలు లేకపోతే క్లచ్ ప్లేట్లు ఎప్పుడూ జారుతూనే ఉంటాయి. కేబుల్ బిరుసుగా ఉంటే నూనె వేయండి, పోగులు తెగి ఉంటే మార్చండి. బిరుసు కేబుల్‌తో హాఫ్ క్లచ్ నేర్పడం మొద్దు పెన్సిల్‌తో ముగ్గు గీయించినట్టే. యాక్సిలరేటర్ గ్రిప్‌కి 2 నుంచి 6 మిల్లీమీటర్ల ఆట చాలు. చైన్ లూజు పుస్తకంలో చెప్పినంత, చాలా బండ్లకు 20 నుంచి 35 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. అంతకంటే లూజుగా ఉంటే నడక వేగంలో బండి కుదుపుతుంది, కుదుపుకి చెయ్యి బెదురుతుంది. ఐడిల్, అంటే యాక్సిలరేటర్ తిప్పనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం, మరీ తక్కువగా ఉంటే బండి పదే పదే ఆగిపోతుంది.

రెండు చక్రాల్లో గాలి చూడండి, ముందు టైరులో తక్కువైతే హ్యాండిల్ బరువెక్కుతుంది. చాలామంది వదిలేసేది ఇంకొకటుంది. సెంటర్ స్టాండ్ వేసి ముందు చక్రం గాల్లోకి లేచేలా ఎవరినైనా వెనక నొక్కమనండి. హ్యాండిల్‌ని ఈ చివర నుంచి ఆ చివరకు మెల్లగా తిప్పండి. సరిగ్గా మధ్యలో గుంటలో పడ్డట్టు ఆగితే స్టీరింగ్ బేరింగ్‌లు అరిగాయని అర్థం. అలాంటి బండి నెమ్మదిగా నడిపితే ఎంత చేయి తిరిగినవాడి కింద అయినా తూలుతుంది. ముందు అవి మార్పించండి, తర్వాత నేర్పండి.

స్థలం 30 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉంటే చాలు. ఇసుక, కంకర, నూనె మరకలు ఉండకూడదు. చూడటానికి చదునుగా కనిపించే నేల చాలాసార్లు వాలుగా ఉంటుంది. బంతి ఒకటి వదిలి చూడండి, ఎటు దొర్లుతుందో అది వాలు. గుర్తులకు సుద్దముక్క, ప్లాస్టిక్ సీసా మూతలు, సగానికి కోసిన రబ్బరు బంతులు పెట్టండి. రాళ్లు, ఇటుకలు వద్దు, వాటి మీదికి చక్రం ఎక్కితే పడిపోయేది మీ విద్యార్థే. హెల్మెట్, గ్లవ్స్, చీలమండ కప్పే బూట్లు వేయించండి. నెమ్మదే కదా అని చెప్పులతో వస్తే పంపేయండి. నెమ్మది సాధనలో దెబ్బ తగిలేది పాదానికీ, చీలమండకీ, అరచేతికే.

మొదటి పది నిమిషాలు ఇంజిన్ ఆఫ్. న్యూట్రల్‌లో పెట్టి, బండికి ఎడమ పక్క నిలబడి, నడుము ట్యాంకుకి ఆనించి, చుట్టూ తోసుకుంటూ తిరగమనండి. తర్వాత ఎక్కి కూర్చుని బండిని మెల్లగా పక్కకి వాల్చి మళ్లీ లేపాలి. మీరు రెండో పక్క నిలబడి కాపు కాయండి. 150 కిలోల బండి బరువు కేంద్రం నేలకి అర మీటరు ఎత్తులో ఉందనుకుంటే, 10 డిగ్రీలు వాలినప్పుడు మీటరు ఎత్తులో ఉన్న హ్యాండిల్ దగ్గర సుమారు 13 కిలోల బలం పెడితే నిలుస్తుంది. 30 డిగ్రీలకి అదే 37 కిలోలు దాటుతుంది. ఆ గీత ఎక్కడుందో అతని తొడలకే తెలియాలి. గీత దాటితే బండిని వదిలేసి కాలు తీసేయాలని అప్పుడే ఒప్పందం చేసుకోండి. వంగిన లీవర్ మార్చుకోవచ్చు, మెలిపడిన మోకాలితో నెలల తరబడి తిప్పలు.

ఇక క్లచ్. ఇంజిన్ స్టార్ట్ చేసి మొదటి గేర్, రెండు పాదాలూ నేల మీద, కుడి చెయ్యి యాక్సిలరేటర్ మీద ఉండకూడదు, తొడ మీద పెట్టించండి. నాలుగు వేళ్లతో లీవర్ నొక్కి, అగ్గిపుల్ల మందమంత చొప్పున వదలాలి. ఒకచోట ఇంజిన్ గొంతు కొంచెం దిగుతుంది, బండి ముందుకు సాగాలని చూస్తుంది. ‘అక్కడే’ అనండి. మూడు లెక్కపెట్టి, ‘నొక్కు’. ఇలా 20 సార్లు. తర్వాత కళ్లు మూసుకుని ఇంకో 10 సార్లు, పాదాలు నేల మీదే ఉంటాయి, బండి ఒక జానెడు కూడా కదలక్కర్లేదు. రెండు వేళ్లతో క్లచ్ పట్టే అలవాటు ఉంటే ఇప్పటికి మాన్పించండి. మిగతా రెండు వేళ్లు లీవర్ వెనక ఇరుక్కుని, లీవర్ పూర్తిగా లోపలికి రాదు.

అది కుదిరాక అదే హాఫ్ క్లచ్‌తో బండిని నడిపించాలి. కాళ్లు నడక వేస్తూ ఉండాలి గానీ తోయకూడదు, తోసే పని ఇంజిన్‌ది. యాక్సిలరేటర్ ఇప్పటికీ లేదు. 15 మీటర్లు వెళ్లి ఆగడం, మళ్లీ వెళ్లడం. చాలా బండ్లు చదును నేల మీద ఐడిల్‌లోనే ఈ పని చేస్తాయి. ఇక్కడ తొందరపడకండి. మొదటి రోజు మొత్తం దీనికే పోయినా నష్టం లేదు, తర్వాతి పాఠాలు సగం సమయంలో అయిపోతాయి.

ఇంతసేపు హాఫ్ క్లచ్‌లో ఉంచితే ప్లేట్లు కాలిపోవా అని మీకు అనుమానం రావచ్చు. చాలా మోటార్‌సైకిళ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లో మునిగి ఉంటాయి, జారినప్పుడు పుట్టే వేడిని ఆయిల్ తీసుకెళ్తుంది. చాలా కార్లలో ఉండేది పొడి క్లచ్ కాబట్టి కారు నడిపేవాళ్లకు ఈ భయం ఎక్కువ. అలాగని గంటసేపు ఆపకుండా జారించకండి. గాలితో చల్లబడే ఇంజిన్, బండి కదలకపోతే ఊరికే వేడెక్కుతుంది. 10 నిమిషాలు చేసి 5 నిమిషాలు ఆపండి. హాఫ్ క్లచ్ ఉండే చోటు మెల్లగా జరిగిపోయినా, కాలిన వాసన వచ్చినా ఇంజిన్ ఆపి చల్లారనివ్వండి. ఆయిల్ డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 గుర్తు (ఆయిల్‌లో మునిగే క్లచ్‌కి సరిపడుతుందని చెప్పే జపాన్ ప్రమాణం) ఉందో లేదో కూడా చూసుకోండి. కార్ల కోసం చేసిన కొన్ని ఆయిల్స్‌లో రాపిడి తగ్గించే మందులు ఉంటాయి, అవి పోస్తే ఇలాంటి క్లచ్ జారడం మొదలుపెడుతుంది.

తర్వాతి మెట్టు కాళ్లు పైకి, నేరుగా 15 మీటర్లు. ఇప్పుడు మూడు పనులు ఒకేసారి. యాక్సిలరేటర్ ఐడిల్ కంటే కొంచెం పైన, సుమారు 2,000 ఆర్‌పీఎమ్ దగ్గర పెట్టి మరిచిపోవాలి. కుడి పాదం వెనక బ్రేక్‌ని పలచగా తాకి ఉంచాలి. వేగం పెంచడం, తగ్గించడం మొత్తం క్లచ్‌తోనే. వెనక బ్రేక్ ఎందుకంటే, ఇంజిన్ ఆ బ్రేక్‌కి ఎదురుగా లాగుతూ ఉంటుంది, దాంతో చైన్ ఎప్పుడూ బిగువుగా ఉంటుంది, కుదుపు పోతుంది. ఫ్యూయెల్ ఇంజెక్షన్ బండ్లు యాక్సిలరేటర్ మూసి తెరిచినప్పుడల్లా తన్నినట్టు చేస్తాయే, ఆ జబ్బుకి కూడా ఇదే మందు.

ఎంత నెమ్మదిగా వెళ్తే నేర్చుకున్నట్టు? జపాన్ లైసెన్స్ పరీక్షలో సన్న వంతెన అనే అంశం ఉంటుంది. 15 మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న గట్టు మీద పడిపోకుండా వెళ్లాలి, మామూలు బండికి కనీసం 7 సెకన్లు, పెద్ద బండికి కనీసం 10 సెకన్లు పట్టాలి. 7 సెకన్లంటే గంటకు దాదాపు 7.7 కిలోమీటర్లు, 10 సెకన్లంటే 5.4. గట్టు అక్కర్లేదు, సుద్దతో రెండు గీతలు గీయండి, ముందు 60 సెంటీమీటర్ల ఎడంతో, తర్వాత 30. ఫోన్‌లో సమయం చూడండి. పందెం కట్టండి, పరవాలేదు. ఎవరు ఆలస్యంగా చేరితే వాళ్లదే గెలుపు. 7 సెకన్లు మూడుసార్లు వరసగా వస్తే ముందుకు వెళ్లండి. 10 రావాలని పట్టుబట్టకండి, యూ టర్న్‌కి అంత అవసరం లేదు.

ఈ సాధనలో తూలితే చూపు చూడండి. ముందు చక్రం కేసి చూస్తుంటాడు. చేతులు చూడండి, కర్రల్లా బిగిసి ఉంటాయి. మోచేతులు కోడి రెక్కల్లా ఆడించమనండి, నవ్వుతాడు, సడలుతుంది. ట్యాంకుని మోకాళ్లతో పట్టుకుంటే చేతులకు ఆ భారం తప్పుతుంది.

ఆగడం విడిగా నేర్పాలి. నెమ్మది బండి చాలాసార్లు పడేది చివరి అర మీటరులోనే. హ్యాండిల్ నేరుగా ఉండాలి, క్లచ్ నొక్కాలి, వెనక బ్రేక్‌తో ఆపాలి, బండి నిలిచాక ఎడమ కాలు దించాలి. ముందే దించి ఈడిస్తే పాదం వెనక్కి లాక్కుపోయి మడమ ఫుట్ రెస్ట్‌కి తగులుతుంది. హ్యాండిల్ తిప్పి ఉన్నప్పుడు ముందు బ్రేక్ ముట్టుకోకూడదు. ముందు ఫోర్కులు కుంగుతాయి, తిరిగి ఉన్న చక్రం ఠక్కున ఆగుతుంది, బరువంతా లోపలి పక్కకి పడుతుంది, ఆదుకోవడానికి వేగం ఉండదు. మీ స్నేహితుడు తిరిగేచోట బండి పడేయడానికి క్లచ్ తర్వాత నా అనుమానం దీని మీదే. యూ టర్న్‌లో కుడి చేతి నాలుగు వేళ్లూ గ్రిప్ చుట్టూ ఉండాలి, లీవర్ మీద ఒక్కటి కూడా వద్దు. మామూలు రోడ్డు మీద ముందు బ్రేకే ముఖ్యమైన బ్రేక్ అని అదే నోటితో చెప్పండి, లేకపోతే దాన్ని పూర్తిగా మానేసే ప్రమాదం ఉంది.

ఇప్పుడు వలయాలు. 12 మీటర్ల వ్యాసంతో మొదలుపెట్టి, 10, 8, 7. ప్రతి వ్యాసంలోనూ రెండు వైపులా ఐదేసి చుట్లు, మధ్యలో విరామం ఇవ్వకపోతే తల తిరుగుతుంది. హాఫ్ క్లచ్, పలచని వెనక బ్రేక్, కదలని యాక్సిలరేటర్ అన్నీ పాతవే. కొత్తవి రెండు: తల, ఒంటి బరువు.

తల సంగతి అందరూ చెబుతారు, ఎవరూ సరిగ్గా చేయించరు. ‘దూరం చూడు’ అంటే అతను కళ్లు తిప్పుతాడు, మెడ తిప్పడు. గడ్డం భుజం మీదికి రావాలి. వలయంలో ఎక్కడున్నా, దాని ఎదుటి అంచు కేసి చూడాలి. మీరు వలయం మధ్యలో నిలబడకండి, అతను మిమ్మల్నే చూస్తూ మీ మీదికే చుట్టుకుంటూ వస్తాడు. బయట, అతను చూడాల్సిన వైపు, దారికి దూరంగా నిలబడండి. చేతి వేళ్లు మార్చి మార్చి చూపించి, ఎన్నో గట్టిగా చెప్పమనండి. మూడు, ఐదు, రెండు అని అరుస్తున్నాడంటే తల తిరిగినట్టే, ఊపిరి కూడా బిగపట్టలేదు. చూసి చెప్పలేకపోతే ఏం చూస్తున్నాడో అడిగే పని లేదు.

ఒంటి బరువు వేగంలో వాడే తీరుకి తిరగబడి ఉంటుంది. వేగంలో మలుపులో మనిషి బండితో పాటు వాలతాడు. నడక వేగంలో బండిని లోపలికి వాల్చి, మనిషి బయటి పక్కకి ఉండాలి. ఎడమకి తిరుగుతుంటే బరువు కుడి పిర్ర మీద, కుడి ఫుట్ రెస్ట్ మీద. బండి ఎక్కువ వాలితే అదే వేగంలో చిన్న వలయంలో తిరుగుతుంది, మనిషి బయట ఉన్నాడు కాబట్టి మొత్తం బరువు ఎక్కువ వాలదు. పిర్ర సగం సీటు బయటికి జరగాలంతే, సర్కస్ అక్కర్లేదు. మొదట 10 మీటర్ల వలయంలో మామూలుగా కూర్చుని రెండు చుట్లు, ఆ తర్వాత బయటికి జరిగి రెండు చుట్లు తిప్పించండి. తేడా తనకే తెలుస్తుంది, మీరు వివరించనక్కర్లేదు.

ఎడమా కుడీ సమానంగా రావు. కుడికి తిరిగేటప్పుడు ఎక్కువమంది తడబడతారు, దానికి కారణాలు ఉన్నాయి. ఆగేటప్పుడు ఎప్పుడూ ఎడమ కాలే దించే అలవాటు, కుడి కాలు బ్రేక్ మీద ఉంది, కాబట్టి కుడి పక్కకి వాలితే ఆధారం లేదనిపిస్తుంది. పైగా హ్యాండిల్ కుడికి పూర్తిగా తిప్పినప్పుడు కుడి మోచెయ్యి ఒంటి పక్కకి ముడుచుకుంటుంది, మణికట్టు మడిచి యాక్సిలరేటర్‌ని తెలియకుండానే తెరిచేస్తుంది. తిప్పక ముందే గ్రిప్‌ని కొంచెం ముందు నుంచి పట్టుకుని, మోచెయ్యి పైకెత్తి ఉంచమనండి. ఎడమకి తిరిగేటప్పుడు సమస్య వేరు, కుడి చెయ్యి సాగి గ్రిప్ మీద వేళ్ల కొసలే మిగులుతాయి. నడుము నుంచి కొంచెం ముందుకి వంగితే సరిపోతుంది. రాని పక్కకి రెట్టింపు చుట్లు వేయించండి.

వలయం 7 మీటర్లలో రెండు వైపులా వచ్చిందంటే యూ టర్న్ కొత్త విద్యేమీ కాదు, సగం వలయమే. 9 మీటర్ల ఎడంతో రెండు గీతలు గీసి, వాటి మధ్య తిప్పించండి. తర్వాత 8, ఆపైన 7.5. బ్రిటన్ లైసెన్స్ పరీక్ష మొదటి భాగంలో యూ టర్న్‌కి ఇచ్చే వెడల్పు 7.5 మీటర్లే. అది నిలకడగా వస్తే చాలా చోట్ల సరిపోతుంది. అంతకంటే ఇరుకు కావాలంటే బండి పుస్తకంలో కనీస మలుపు వ్యాసార్థం ఎంతో చూసుకోండి. చిన్న బండ్లకి 2 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, స్పోర్ట్స్ బండ్లలో కొన్నిటికి 3 మీటర్లు దాటుతుంది. ఆ అంకెకి రెండింతల కంటే తక్కువ వెడల్పులో కొత్తవాడిని తిప్పమనడం అన్యాయం.

ఒక టర్న్‌ని ఇలా చేయించండి. గీతకి వీలైనంత దగ్గరగా, మొదటి గేర్‌లో, నేరుగా రావాలి. టర్న్ మొదలు కాకముందే యాక్సిలరేటర్ కుదిరి ఉండాలి, హాఫ్ క్లచ్ దొరికి ఉండాలి, వెనక బ్రేక్ తాకి ఉండాలి. తల పూర్తిగా తిప్పాలి, ఆ తర్వాతే హ్యాండిల్. ఈ వరస తారుమారైతే అక్కడికక్కడే ఆపి మళ్లీ చేయించండి. సగం తిరిగాక చూపు బయటపడే దారి చివరికి పోవాలి. బండి అటు తిరుగుతుండగా బ్రేక్ తీసి, క్లచ్ మెల్లగా పూర్తిగా వదిలితే బండి లేచి నిలబడుతుంది. తిరిగే ముందు ఎదురు దిక్కుకి ఒక ఊపు తీసుకునే దురలవాటు ఉంటుంది. ఉన్న వెడల్పులో అర మీటరు దానికే పోతుంది, పైగా రోడ్డు మీద వెనక వచ్చేవాడు మీరు అటే వెళ్తున్నారనుకుంటాడు.

తప్పులు చూస్తే కారణం పసిగట్టవచ్చు. ప్రతిసారీ టర్న్ చివర్లో వెడల్పుగా పోతుంటే చూపు ఎదుటి గీత మీద ఉంది. ఎక్కడ చూస్తే అక్కడికే బండి పోతుంది. టర్న్ మధ్యలో ఇంజిన్ ఆగిపోతుంటే యాక్సిలరేటర్ మూసేస్తున్నాడు, లేదా బ్రేక్ పలచగా కాక గట్టిగా వేస్తున్నాడు. బూటు అడుగు మందంగా ఉంటే బ్రేక్ ఎంత నొక్కాడో తెలియదు, దాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. బండి గుర్రంలా కుదిపితే యాక్సిలరేటర్‌తో వేగం సరిచేస్తున్నాడు. లోపలికి కాలు చాపుతుంటే వేగం మరీ తక్కువ, ‘ఇంకొంచెం వదులు’ అనండి, ‘కాలు పైకి’ అనకండి. కాలు దించడం లక్షణం, రోగం క్లచ్ దగ్గరుంది. ఒక చుట్టులో ఒక్క దిద్దుబాటే చెప్పండి. పరిగెత్తుతూ వెనక సీటు పట్టుకోవడం, వెనక కూర్చుని చెప్పడం రెండూ వద్దు. సైకిల్ నేర్పినప్పుడు చెల్లింది, 150 కిలోల బండి దగ్గర ఇద్దరూ పడతారు.

ఒక్కో విడత 40 నిమిషాలు మించనివ్వకండి. ఎడమ ముంజేయి అలిసిపోతే హాఫ్ క్లచ్ దొరకదు, అప్పటిదాకా వచ్చింది కూడా పోయినట్టు అనిపించి మనసు విరుగుతుంది. వరసగా రెండు మంచి టర్న్‌లు పడగానే ఆపేయండి.

స్కూటర్ అయితే క్లచ్ లీవర్ ఉండదు, సాధన మారుతుంది. యాక్సిలరేటర్ కొంచెం తెరిచి అలాగే ఉంచి, ఎడమ చేతి వెనక బ్రేక్‌తో వేగం సరిచేయాలి. ఇంజిన్ వేగం ఒక హద్దు కిందికి పడితే లోపలి క్లచ్ తనంతట తానే విడిపోతుంది, టర్న్ మధ్యలో అది జరిగితే క్లచ్ నొక్కినట్టే కూలుతుంది. అందుకే యాక్సిలరేటర్ మూయకూడదు. కొన్ని స్కూటర్లలో ఎడమ లీవర్ నొక్కితే ముందు బ్రేక్ కూడా కొంత పడుతుంది, వాటి మీద తాకీ తాకనట్టు వేయాలి.

పడిపోయినప్పుడు ఏం చేయాలో మొదటి విడతలోనే చెప్పండి, పడ్డాక కాదు. ముందు ఇంజిన్ ఆపే కిల్ స్విచ్ నొక్కాలి. కుడి పక్కకి పడితే లేపే ముందే సైడ్ స్టాండ్ బయటికి వేసి ఉంచాలి, లేకపోతే లేపిన ఊపులో అవతలి పక్కకి పడుతుంది. వీలైతే మొదటి గేర్ వేయాలి, బండి దొర్లదు. హ్యాండిల్‌ని పడిన పక్కకి పూర్తిగా తిప్పి, సీటు అంచుకి పిర్రలు ఆనించి బండికి వీపు పెట్టి కూర్చోవాలి. ఒక చేత్తో కింది గ్రిప్, రెండో చేత్తో వెనక పట్టుకునే కడ్డీ లేదా ఫ్రేమ్ పట్టుకుని, నడుము వంచకుండా తొడల బలంతో చిన్న చిన్న అడుగులు వెనక్కి వేస్తూ లేవాలి. ఫ్యూయెల్ ఇంజెక్షన్ బండ్లలో చాలావాటికి పడగానే ఇంజిన్ ఆపే సెన్సర్ ఉంటుంది, తాళం ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తేగాని స్టార్ట్ అవదు. కార్బ్యురేటర్ బండి అయితే కాసేపు ఆగి స్టార్ట్ చేయండి. మళ్లీ ఎక్కేముందు రెండు లీవర్లు, బ్రేక్ పెడల్, గేర్ పెడల్ వంగాయేమో, యాక్సిలరేటర్ వదలగానే తిరిగి వస్తోందో లేదో చూడండి.

రోడ్డు మీదికి ఖాళీగా ఉన్నప్పుడే తీసుకెళ్లండి. మైదానంలో లేనిది అక్కడొకటి ఉంటుంది. రోడ్డు మధ్యలో ఎత్తు, అంచులు పల్లం. టర్న్ మొదటి సగం ఎక్కుడు, రెండో సగం దిగుడు. ఎక్కేటప్పుడు వేగం పడిపోతుంది, కాబట్టి క్లచ్ ఇంకాస్త వదలాలి. నడిమధ్య దాటగానే బండి తనే జారుతుంది, అక్కడ వెనక బ్రేక్ కొంచెం పెంచాలి. ఇది ముందే చెబితే అంచు దగ్గర బెదిరి ముందు బ్రేక్ పట్టడు. అంచున చేరిన ఇసుక మీద హ్యాండిల్ తిరిగి ఉంటే ముందు చక్రం జారుతుంది, తిరిగే చోటు ఎంచుకునేటప్పుడే అది చూసుకోవాలి. ఇండికేటర్, అద్దం, ఆ తర్వాత భుజం మీదుగా వెనక్కి ఒక చూపు, రెండు దిక్కులా ఖాళీ అయితేనే కదలిక. వెనక మనిషి కూర్చోవడం ఇంకా చాలా రోజుల తర్వాత మాట. కూర్చున్నా ఆ మనిషి టర్న్‌లో కదలకుండా, కాలు దించకుండా ఉండాలి.

సగం తిరిగాక వెడల్పు చాలదని తెలిస్తే ఏం చేయాలో కూడా చేయించి చూపండి. ఇంకొంచెం తిరుగుతుందేమోనని హ్యాండిల్‌ని బలవంతంగా తిప్పకూడదు. క్లచ్ కొంచెం వదిలి బండిని నిటారుగా లేపాలి. హ్యాండిల్ నేరుగా చేసి, అప్పుడు క్లచ్ నొక్కి, వెనక బ్రేక్‌తో ఆగి, ఎడమ కాలు దించాలి. అడ్డంగా ఆగిన బండిని న్యూట్రల్‌లో పెట్టి కాళ్లతో మీటరు వెనక్కి తోసుకుని, మిగతా సగం తిప్పుకోవచ్చు. 6 మీటర్ల గీతల మధ్య కావాలనే ఇరికించి దీన్ని నాలుగైదుసార్లు చేయించండి.